పైకి లేపే ముందు కిందికి దిగాలి: ఓరుగల్లులో ఉద్యోగం చేసుకుంటూ తావో అంతర్సాధన

హనుమకొండలో ధ్యానం గురించి ఎవరితో మాట్లాడినా రెండు నిమిషాల్లో మాట కుండలిని దగ్గరికి వస్తుంది. వెన్నెముక అడుగున నిద్రపోతున్న శక్తి లేవాలి, ఒక్కో చక్రం దాటాలి, నడినెత్తికి చేరాలి. ఈ బొమ్మ మనలో ఎంత గట్టిగా పాతుకుపోయిందంటే, చైనాలోని తావో మతపు సాధన మీద వీడియో చూసినా అందులోనూ "ఎలా లేపాలి" అనేదే వెతుకుతాం. వీడియోలు చేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, అందుకే దాన్నే ముందు పెట్టి అమ్ముతారు.

పాత తావో పద్ధతిలో మొదటి పని దింపడం. ప్రాచీన చైనా జ్ఞాని లావోట్జు పేరుతో ఉన్న మూలగ్రంథం తావో తె చింగ్‌లో 81 చిన్న అధ్యాయాలున్నాయి. మూడో అధ్యాయంలో, మంచి పాలకుడు జనం మనసుల్ని ఖాళీగా, పొట్టల్ని నిండుగా ఉంచుతాడనీ, కోరికల్ని మెత్తబరచి ఎముకల్ని గట్టిపరుస్తాడనీ ఉంటుంది. అది రాజ్యపాలన గురించిన మాటే. కానీ సాధకులు దాన్ని తమ ఒంటికి అన్వయించుకున్నారు: తల ఖాళీ కావాలి, పొట్ట కింది భాగం నిండాలి, ఎముకల్లో బలం ఉండాలి. మన పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. రోజంతా స్క్రీన్, సాయంత్రం ట్రాఫిక్, రాత్రి పదకొండింటికి ఫోన్. తల బరువు, భుజాలు చెవుల దగ్గర, ఊపిరి గొంతు దాటి దిగదు. ఈ స్థితిలో ఉన్నవాడు ఇంకా పైకి ఏదో లేపాలనుకుంటే వచ్చేది జ్ఞానోదయం కాదు, నిద్రలేమి.

కాబట్టి ఈ మార్గదర్శి అంతా ఆ క్రమం మీదే నడుస్తుంది. నిద్ర, నిలబడటం, కదలడం, కూర్చోవడం. శక్తి ప్రసరణ లాంటివి ఆ తర్వాత, అదీ అవసరమైతేనే.

ఇది ఎక్కడిది, ఎంతవరకు నమ్మాలి

చైనాలోని మావాంగ్‌డుయ్ దగ్గర 1973లో ఒక పాత సమాధిని తవ్వారు. అది క్రీ.పూ. 168లో మూసినది. అందులో దొరికిన పట్టు గుడ్డ మీద 44 మంది మనుషుల బొమ్మలున్నాయి. వంగేవాళ్లు, సాగేవాళ్లు, చేతులెత్తి నిలబడ్డవాళ్లు, ఆడా మగా అందరూ. ఇప్పుడు చీగాంగ్ (ఊపిరితో కలిపి చేసే నెమ్మది కదలికలు) అంటున్నదానికి మూలం అలాంటి వ్యాయామాల్లోనే ఉంది.

ధ్యాన భాగం ఇంకో దారిలో వచ్చింది. తావో రసవాదులు ఇంగిలీకం, పాదరసం కాచి అమరత్వపు గుళికలు చేయాలని చూశారు. మన రససిద్ధుల కథలు విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తాంగ్ వంశపు చక్రవర్తుల్లో కొందరు ఆ గుళికలు మింగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. క్రమంగా కొలిమి బయటి నుంచి లోపలికి మారింది. పొట్టే పాత్ర, ఊపిరే గాలితిత్తి, శ్రద్ధే మంట అన్నారు. దీన్నే అంతర్ రసవాదం, చైనీయుల మాటలో నైడాన్ అంటారు. 12వ శతాబ్దంలో వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170) మొదలుపెట్టిన చ్వాన్‌జెన్ శాఖ దీన్ని మఠాల్లో క్రమశిక్షణగా నిలబెట్టింది. బీజింగ్‌లోని తెల్లమేఘాల మందిరం ఇప్పటికీ ఆ శాఖదే.

వాళ్ల లెక్కలో మనిషిలో మూడు నిధులున్నాయి. జింగ్ అంటే పుట్టుకతో వచ్చిన సత్తువ, చి అంటే ఊపిరితో, తిండితో నడిచే చైతన్యం, షెన్ అంటే ఎరుక. జింగ్‌ను చిగా, చిని షెన్‌గా శుద్ధి చేసి, షెన్‌ను శూన్యంలో కలపడం వాళ్లు చెప్పే దారి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. చిని ఇప్పటిదాకా ఏ యంత్రమూ పట్టి చూపలేదు. నేను దాన్ని ఒంట్లో కలిగే అనుభూతులకు గీసుకున్న మ్యాప్‌లాగానే వాడతాను. ఆ మ్యాప్ పనికొస్తుంది, నడిపిస్తుంది. దాన్ని చూపించి షుగర్ తగ్గిస్తాను, గడ్డ కరిగిస్తాను అనేవాళ్ల దగ్గర మాత్రం పర్సు జాగ్రత్త.

బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు ఈ సాధన కోసం ఎవరూ ఆపకూడదు. గుండె జబ్బు, ఫిట్స్, ఇటీవల ఆపరేషన్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి వెళ్లొద్దు, డాక్టర్‌ను అడిగే మొదలుపెట్టాలి. బైపోలార్, సైకోసిస్ లాంటి మానసిక జబ్బులు గతంలో వచ్చినవాళ్లు కూర్చునే ధ్యానం పక్కన పెట్టి, నిలబడటం, కదలికలతో సరిపెట్టుకోవడం మంచిది.

మొదటి అడుగు: నిద్ర, వేళ, తిండి

పాత పుస్తకాలు అర్ధరాత్రి పదకొండు నుంచి ఒంటి గంట దాకా ఉండే వేళను శ్రేష్ఠమంటాయి. అది కొండ మీద మఠంలో ఉండి చీకటి పడగానే పడుకునే వాళ్లకు. తొమ్మిదింటికి ఆఫీసులో ఉండాల్సిన మనిషి అర్ధరాత్రి లేచి కూర్చుంటే ఉన్న సత్తువ కూడా ఖర్చవుతుంది. మొదటి రెండు వారాలు అసలు ధ్యానమే చేయకండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టి, రోజూ ఒకే వేళకు పడుకోండి. నిద్ర సరిపోనివాడు కళ్లు మూసుకుంటే వచ్చేది కునుకే, దాన్ని సమాధి అనుకుని మురిసిపోవడం మామూలే.

భూపాలపల్లిలోనో రామగుండంలోనో సింగరేణి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఒకే వేళ కుదరదు. వాళ్లు సాధనను గడియారానికి ముడిపెట్టకుండా నిద్రలేవడానికి ముడిపెట్టాలి. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకుని మధ్యాహ్నం రెండింటికి లేస్తే, అదే వాళ్లకు తెల్లవారుజాము. ముఖం కడుక్కుని, నీళ్లు తాగి, నిలబడొచ్చు. డ్యూటీ దిగిన వెంటనే మాత్రం కూర్చోవద్దు, అలసిన ఒళ్లు తూలుతుంది.

తిండి గురించి పెద్ద నియమాలు అక్కర్లేదు. మఠాల్లో ఉండేవాళ్లు శాకాహారం పాటిస్తారు, ఇళ్లలో ఉండేవాళ్లకు మితమే నియమం. అన్నం తిన్నాక రెండు గంటలు ఆగండి. ముందురోజు రాత్రి పచ్చిమిర్చి కారం, తలకాయ కూర దట్టంగా పట్టిస్తే పొద్దున పొట్ట మీద ధ్యాస నిలిపినప్పుడు అది చెప్పేది వేరే కథ. బ్రహ్మచర్యం విషయంలో సంసారులకు మితం చాలు. వీర్యాన్ని నొక్కిపట్టే టెక్నిక్కులంటూ తిరిగే వీడియోలను పూర్తిగా పక్కన పెట్టండి. వాటివల్ల మూత్రసంబంధ ఇబ్బందులు తెచ్చుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

రెండో అడుగు: చోటు

వడ్డేపల్లి చెరువు కట్ట, భద్రకాళి చెరువు కట్ట, యూనివర్సిటీ గ్రౌండ్, పబ్లిక్ గార్డెన్, ఇవన్నీ పొద్దున నడకకు మంచివి. నిలబడే సాధనకు కూడా మంచివే, ఒక్క చిక్కు తప్ప. అందరూ నడుస్తున్నచోట ఒక్కరే కదలకుండా, చేతులు ముందుకు పట్టుకుని నిలబడితే జనం ఊరుకోరు.

"ఏంది బిడ్డా, గట్ల నిలబడ్డవ్? నడుం పట్టిందా?"

"లేదు తాతా, ఎక్సర్‌సైజ్."

"గిది గూడ ఎక్సర్‌సైజేనా!"

ఈ సంభాషణ తప్పదు. తాత అడిగితే నవ్వి జవాబు చెప్పండి, ముఖం గంటు పెట్టుకుంటే మీ సాధనే చెడుతుంది. అది ఇబ్బందైతే మేడ మీద, పిట్టగోడ నీడలో నిలబడండి. చైనా గురువులు వెనక నుంచి మెడకు తగిలే గాలిని చాలా గట్టిగా వద్దంటారు. మన ఎండాకాలంలో దీని అర్థం కూలర్‌కు వీపు పెట్టి కూర్చోవద్దని. గాలి పక్కనుంచి రానివ్వండి. చెమట పట్టిన ఒంటితో ఏసీ గదిలోకి పోవద్దు.

కూర్చోవడానికి ఖరీదైన మెత్తలు ఆర్డర్ పెట్టనక్కర్లేదు. కొత్తవాడ షత్రంజీ ఒకటి చాలు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కానీ, మన ఇళ్లలో పెళ్లిళ్లకు పరిచేది ఎప్పటినుంచో అదే. నేత గట్టిగా ఉండే నూలు షత్రంజీ తీసుకుని నాలుగు మడతలు వేయండి, చాలకపోతే ఇంకో మడత. దాని అంచు మీద కూర్చోవాలి, నడిమధ్యలో కాదు. పిరుదులు నాలుగు వేళ్ల ఎత్తు లేచి, మోకాళ్లు తుంటి కన్నా కిందికి వాలితే నడుము దానంతటదే నిటారవుతుంది. స్పాంజి దిండు కొద్దిసేపటికే అణిగిపోయి ఒకవైపు ఒరుగుతుంది. నూలు మడతలు అలా అణగవు.

మూడో అడుగు: నిలబడటం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. జాన్ జువాంగ్, అంటే గుంజలా నిలబడటం, చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది. మొదటి నెలలో అసలు పని జరిగేది దీనిలోనే.

పాదాలు భుజాల వెడల్పులో, వేళ్లు ముందుకు చూస్తూ. చెప్పులు తీసేయండి. మోకాళ్లు బిగబట్టకుండా కొద్దిగా వదలండి, మోకాలు కాలివేళ్లను దాటకూడదు. ఎత్తు స్టూల్ మీద కూర్చోబోయి ఆగిపోయిన స్థితి అనుకోండి, తోకెముక నేలకేసి జారుతుంది, నడుము వంపు సర్దుకుంటుంది. గోడకు వీపు ఆనించి ఒకసారి సరిచూసుకుంటే అర్థమవుతుంది: మామూలుగా నడుముకూ గోడకూ మధ్య చేయి దూరేంత సందు ఉంటుంది, తోకెముక దింపినప్పుడు ఆ సందు తగ్గుతుంది. పూర్తిగా నొక్కేయనక్కర్లేదు.

ఛాతీ విరుచుకోవద్దు. స్కూల్లో డ్రిల్ మాస్టారు నేర్పిన "ఛాతీ ముందుకు, పొట్ట లోపలికి" అనేదాన్ని ఇక్కడ మరచిపోవాలి. ఛాతీ మెత్తగా, పొట్ట వదులుగా. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా పొట్ట వదలడం కష్టమే, పదిమంది చూస్తారని ఏళ్లుగా బిగబట్టి అలవాటైపోయింది. చంకల్లో కొంచెం సందు. చేతులు బొడ్డు ఎత్తులో, అరచేతులు మనవైపు, పెద్ద బిందెను పట్టుకున్నప్పుడు ఉండేంత వలయంలో. గడ్డం కొద్దిగా లోపలికి, నడినెత్తి పైకి. నాలుక కొస పైపళ్ల వెనక అంగిలికి తాకాలి. కళ్లు సగం మూసి, చూపు దూరంగా వదలండి.

ఇప్పుడు దింపడం. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక్కో చోటు వదలండి: నుదురు, దవడ, భుజాలు, ఛాతీ, పొట్ట, తొడల మొదలు, మోకాళ్లు, అరికాళ్లు. అరికాలి ముందు భాగంలో, వేళ్ల వెనక ఒక పల్లం ఉంటుంది. దాని పేరు ఉబికే ఊట. బరువు అక్కడా మడమలోనూ సమంగా పడుతోందా చూసుకోండి. నిజమైన మనుషులు మడమల నుంచి ఊపిరి తీస్తారు, మామూలు జనం గొంతులోంచి తీస్తారు అని పాత తావో తత్వవేత్త జువాంగ్‌ట్జు రాశాడు. మడమలకు ఊపిరితిత్తులు లేవని ఆయనకూ తెలుసు. ఊపిరి తీసేటప్పుడు ఒంటి అడుగుదాకా బిగువు లేకపోతే ఎలా ఉంటుందో నిలబడ్డవాడికి తెలుస్తుంది.

మొదట మూడు నిమిషాలు చాలు. వారానికి ఒకటో రెండో నిమిషాలు పెంచుతూ పదిహేను, ఇరవై దాకా పోవచ్చు. రెండో మూడో నిమిషంలో భుజాలు మండుతాయి. ఐదో నిమిషం దాటితే తొడలు వణుకుతాయి. అరచేతుల్లో వెచ్చదనం, వేళ్లలో తిమ్మిరి, ఆవలింతలు, కడుపులో గుడగుడ ఇవన్నీ సహజం. వాటికి పండగ చేయొద్దు, భయపడొద్దు. భుజం మండితే చేతులు ఒక జానెడు కిందికి దించి కొనసాగించండి. మోకాలి లోపల పోటు వస్తే మాత్రం వెంటనే ఆపి, వంపు తగ్గించాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేల మీద గట్టిగా ఆనించి, పై సూచనలన్నీ అలాగే చేసుకోవచ్చు. కళ్లు తిరిగినా చల్ల చెమటలు పట్టినా కూర్చుని నీళ్లు తాగండి, ఆ రోజుకు అంతే.

ముగించడం మరచిపోకూడదు. చేతులు రెండూ బొడ్డు కింద ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక నిమిషం ఊరికే ఉండండి. తర్వాత పదడుగులు నెమ్మదిగా నడవండి. నిలబడి నిలబడి టకీమని ఫోన్ అందుకుంటే చేసినదంతా మళ్లీ తలకెక్కుతుంది.

నాలుగో అడుగు: కదలికలు

నిలబడటం మాత్రమే చేస్తే ఒళ్లు పట్టేస్తుంది. బా దువాన్ జిన్, అంటే ఎనిమిది పట్టు ముక్కలు, సోంగ్ వంశకాలం నుంచి వాడుకలో ఉన్న కదలికలు. 2003లో చైనా క్రీడా శాఖ దీన్ని అందరికీ ఒకే పద్ధతిలో ఉండేలా సర్దింది. మొత్తం పన్నెండు నిమిషాల పని. రెండు చేతులతో ఆకాశాన్ని ఎత్తడం, అటూ ఇటూ విల్లు లాగడం, ఒక చేయి పైకి ఒకటి కిందికి, వెనక్కి తిరిగి చూడటం, తల ఊపి నడుము తిప్పడం, వంగి పాదాలు పట్టుకోవడం, పిడికిలి బిగించి కళ్లు పెద్దవి చేయడం, చివర మడమలు ఎత్తి ఏడుసార్లు నేలకు తాకించడం. వీడియోలో చూసి నేర్చుకోదగ్గ వాటిలో ఇది ఒకటి.

ఎనిమిదీ ఒకేసారి నేర్చుకోవాలని లేదు. మొదటిదీ చివరిదీ రోజూ చేయండి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు ఆరోది, బీపీ ఎక్కువున్నవాళ్లు తల బాగా కిందికి వాల్చే ఐదోది, ఆరోది వదిలేయొచ్చు. చివరిది చిన్నగా కనిపిస్తుంది కానీ దిగడం గురించి అది చెప్పినంత స్పష్టంగా ఏదీ చెప్పదు. మడమలెత్తినప్పుడు ఒళ్లు పొడుగవుతుంది, వదిలినప్పుడు ఆ చిన్న అదురు కాళ్ల నుంచి దవడ దాకా వస్తుంది. పళ్లు తేలిగ్గా కలిసి ఉండాలి, నాలుక మధ్యలో పడొద్దు. దబదబా కొట్టొద్దు, మడమ నొప్పి ఉంటే ఎత్తి మెల్లగా దించండి.

ఐదో అడుగు: కూర్చోవడం

నిలబడటం పది నిమిషాలు సుఖంగా కుదిరాక కూర్చోండి. షత్రంజీ మీదైనా, కుర్చీ మీదైనా. పద్మాసనం పట్టుబట్టొద్దు. ముక్కుతోనే ఊపిరి, పొడుగు చేయకుండా, లెక్క పెట్టకుండా. మరీ పరుగులు పెడుతుంటే వదిలే ఊపిరిని ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి, కుదురుకోగానే లెక్క వదిలేయండి.

ధ్యాస పెట్టే చోటు కింది డాన్‌టియెన్. బొడ్డుకు మూడు నాలుగు వేళ్ల కింద, చర్మం మీద కాకుండా పొట్ట లోపల. అది చుక్క కాదు, ఒక ప్రాంతం. సరిగ్గా ఎక్కడుందో అని వెతకడం మొదలుపెడితే ఆ వెతుకులాటే ఇంకో టెన్షన్ అవుతుంది. చేయి పొట్ట మీద పెట్టుకుంటే ఊపిరితో లేచి తగ్గే కదలిక తెలుస్తుంది, ఆ కదలిక లోపల ఉండండి.

ఎంత ధ్యాస పెట్టాలన్నదే అసలు చిక్కు. దీనికి వాళ్ల దగ్గర పాత సూత్రం ఒకటుంది: మరచిపోవద్దు, సాయం చేయొద్దు. చైనా తత్వవేత్త మెన్షియస్ రాతల్లోది, తర్వాత నైడాన్ వాళ్లు తమదిగా చేసుకున్నారు. మీరు కూర్చున్నారు. వంటింట్లో కుక్కర్ రెండో విజిల్ వేసింది. మనసు అక్కణ్నుంచి గ్యాస్ సిలిండర్‌కు, సిలిండర్ నుంచి నెలాఖరు ఈఎంఐకి, అక్కణ్నుంచి బావమరిదికిచ్చిన చేబదులుకు పోయింది. ఇది మరచిపోవడం. తిరిగి రండి, తిట్టుకోకుండా. ఇంకో రోజు పొట్టలో కొంచెం వెచ్చగా అనిపించింది. వెంటనే ఊపిరి బలంగా తోసి, పొట్ట కండరం బిగించి, ఆ వెచ్చదనాన్ని పెంచబోయారు. ఇది సాయం చేయడం. మొదటి తప్పు కన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే మొదటిదానిలో విసుగొస్తుంది, రెండోదానిలో గర్వం వస్తుంది.

తావో తె చింగ్ 15వ అధ్యాయంలో బురదనీళ్ల పోలిక ఉంది. కదపకుండా ఉంచితే నీళ్లు వాటంతటవే తేరుకుంటాయి. చేత్తో బురదను కిందికి నొక్కాలని చూసేవాడి పని ఎప్పటికీ తెమలదు.

పది పదిహేను నిమిషాలయ్యాక డాన్‌టియెన్ మీద ధ్యాసను కూడా వదిలి కొద్దిసేపు ఊరికే కూర్చోండి. దీన్ని జువో వాంగ్, కూర్చుని మరచిపోవడం అంటారు. జువాంగ్‌ట్జు కథలో కన్ఫ్యూషియస్ శిష్యుడు యెన్ హుయ్ ఒక్కోటీ మరచిపోతూ వచ్చి, చివరికి ఒంటినీ తెలివినీ కూడా వదిలేశానంటాడు. గురువు నీ వెనక నేనూ వస్తానంటాడు. తాంగ్ కాలపు తావో గురువు సిమా చెంగ్‌జెన్ (647–735) దీన్ని మెట్లవారీగా వివరించాడు. మనం ఆ కొస దాకా పోనక్కర్లేదు. ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా ఉండగలగడం ఈ రోజుల్లో చిన్న విషయమేమీ కాదు.

లేచే ముందు అరచేతులు వెచ్చబడేదాకా రుద్ది ముఖం మీద, మెడ వెనక, నడుము మీద రాయండి. నోట్లో ఊరిన లాలాజలాన్ని మెల్లగా మింగండి, దాన్ని వాళ్లు అమృతంతో సమానంగా చూస్తారు. కాళ్లు తిమ్మిరెక్కితే సాగదీసి, తగ్గాకే లేవండి.

ఆడవాళ్లకు నుడాన్ అని వేరే సంప్రదాయమే ఉంది. వాంగ్ చోంగ్‌యాంగ్ శిష్యుల్లో ఏడుగురు సిద్ధులుగా పేరుబడితే, అందులో సన్ బుఅర్ (1119–1182) అనే ఆమె ఒకరు. ఆ సంప్రదాయంలో మొదటి ధ్యాస పొట్ట మీద కాక, ఛాతీ నడుమ ఉంటుంది. నెలసరి రోజుల్లో పొట్ట కింది భాగం మీద గట్టిగా ధ్యాస పెట్టవద్దంటారు. ఆ రోజుల్లో కూర్చుని ఊపిరి గమనిస్తే చాలు. రక్తస్రావం ఎక్కువైతే సాధన మానేసి డాక్టర్‌ను కలవండి.

చిన్న ఆకాశ చక్రం: ఎందుకు ఆగాలి

వీడియోల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది ఇదే. చిని ఒంట్లో చుట్టూ తిప్పే దారి ఇది: డాన్‌టియెన్ నుంచి కిందికి, తోకెముక, వీపు నడుమ, తల వెనక అడుగు అనే మూడు ద్వారాలు దాటి నడినెత్తికి, అక్కణ్నుంచి నుదురు, నాలుక వంతెన మీదుగా ముందుభాగంలో దిగి మళ్లీ డాన్‌టియెన్‌కు. బొమ్మ చూస్తే మన కుండలినికి చుట్టం అనిపిస్తుంది. కానీ తేడా చూడండి. ఇక్కడ పైకెక్కడం సగం దారే, మిగతా సగం దిగడం. నైడాన్ సంప్రదాయం ప్రకారం కింద నిండినప్పుడు అది దానంతటదే కదులుతుంది. కదలకముందే ఊహతో నెట్టేవాడికి ఎక్కడం వస్తుంది, దింపడం రాదు.

అలా ఇరుక్కున్నవాళ్లకు తల మీద బరువు, కళ్ల మధ్య ఒత్తిడి, వీపులో మంట, నిద్ర పట్టకపోవడం, చిరాకు, ఊరికే భయం వస్తాయి. చైనాలో దీనికి మంట దారి తప్పి దయ్యాలు దూరడం అని పేరు. 1994లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్‌ఎం నాలుగో కూర్పులో కూడా చీగాంగ్ వల్ల వచ్చే మతిభ్రమ లాంటి స్థితిని చేర్చారు. అరుదే, కానీ లేనిది కాదు.

ఈ లక్షణాలు వస్తే కూర్చోవడం పూర్తిగా ఆపండి. కడుపునిండా వేడి అన్నం తినండి, మట్టిలో పని చేయండి, రోజూ నడవండి, రాత్రి గోరువెచ్చని నీళ్లలో పాదాలు పెట్టండి. వారంలో తగ్గకపోయినా, మాటలు వినిపించినా, తనకేదో శక్తి వచ్చిందన్న నమ్మకం బలపడినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబర్‌కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు. "శక్తి పరీక్షిస్తోంది, తట్టుకో" అని చెప్పే గురువు మాట మాత్రం వినొద్దు.

పనిలో, కాలాల్లో

రోజు మధ్యలో చేయదగ్గవి రెండే. కౌంటర్ దగ్గర నిలబడ్డప్పుడు, కాజీపేట స్టేషన్‌లో రైలు కోసం చూస్తున్నప్పుడు మోకాళ్లు వదిలి, నాలుక అంగిలికి ఆనించి, పది ఊపిర్లు అరికాళ్లలోకి దింపండి. ఎవరికీ తెలియదు. మేనేజర్ అరిచాక గుండె దడదడలాడుతుంటే నోరు తెరిచి చప్పుడు లేకుండా పొడుగ్గా "హ" అని వదలండి, మూడు నాలుగుసార్లు. తావో పండితుడు తావ్ హోంగ్‌జింగ్ (456–536) నమోదు చేసిన, ఊపిరి వదిలే ఆరు శబ్దాల్లో ఇలాంటిది ఒకటుంది, తర్వాతివాళ్లు దాన్ని గుండెకు చెప్పారు.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి, పత్తి సీజన్‌లో పనిచేసేవాళ్లు యార్డులో దీర్ఘ శ్వాసలు పెట్టుకోవద్దు. ఆ ఘాటూ దుమ్మూ లోపలికి లాగడం ఏ సంప్రదాయమూ చెప్పలేదు. ఇంటికొచ్చి స్నానం చేశాక చూసుకోవాలి.

చైనా వైద్య గ్రంథం హ్వాంగ్ డి నైజింగ్ ఎండాకాలంలో ఆలస్యంగా పడుకుని పెందలాడే లేవమంటుంది, చలికాలంలో పెందలాడే పడుకుని పొద్దెక్కాక లేవమంటుంది. మన మే నెల దానికి లొంగదు. ఆరున్నర దాటితే మేడ మీద నిలబడలేం, ఎండ నలభై దాటే రోజుల్లో ఐదింటికే చేసుకుని, నిమిషాలు సగానికి తగ్గించి, నీళ్లు తాగాలి. మన దగ్గర నిలబడే సాధన పెంచుకోవడానికి అనువైనది బతుకమ్మ వెళ్లాక సంక్రాంతి దాకా ఉండే చలి.

నూరు రోజుల పునాది

నైడాన్‌లో మొదటి దశను వంద రోజుల పునాది అంటారు. మనకు మండలం దీక్ష తెలుసు కాబట్టి ఈ లెక్క కొత్తగా ఉండదు. మొదటి పద్నాలుగు రోజులు నిద్ర ఒక్కటే. ఆ తర్వాత నెల రోజులు పొద్దున మూడు నుంచి పది నిమిషాలు నిలబడటం, కదలికల్లో మొదటిదీ చివరిదీ. మిగతా రోజుల్లో పూర్తి కదలికలు, పదిహేను నిమిషాలు నిలబడటం, పదిహేను నిమిషాలు కూర్చోవడం. పెళ్లికో, మేడారం జాతరకో వెళ్లి మూడు రోజులు తప్పితే లెక్క మొదటికి తేవద్దు. వచ్చిన మర్నాడు నిమిషాలు తగ్గించి అందుకోండి. జ్వరంలో చేయొద్దు.

పురోగతిని వెలుగులతో, దృశ్యాలతో కొలవకండి. నిద్ర త్వరగా పడుతోందా, చేతులూ కాళ్లూ వెచ్చగా ఉంటున్నాయా, ఇంట్లో అరిచే మాటలు తగ్గాయా. చివరిది మీరు చెప్పుకునేది కాదు, ఇంట్లోవాళ్లను అడగాలి.

వంద రోజుల తర్వాత గురువు కావాలనిపిస్తే, ఆన్‌లైన్‌లో అయినా, ముందు ఆయన నిలబడే తీరు చూడండి. రోగం నయం చేస్తానన్నా, శక్తిపాతానికి (తన శక్తిని మీలోకి పంపడానికి) విడిగా ఫీజు అడిగినా, మందులు ఆపమన్నా లేచి రండి. మీ ఇలవేల్పును మార్చుకోమని అడిగేవాడూ అక్కర్లేదు. చైనాలో తావో దేవుళ్లూ గుళ్లూ పూజారులూ ఉన్న మతం. మనం తీసుకుంటున్నది అందులో ఒక సాధన మాత్రమే. వీడియో కాల్‌లో పాఠం జరిగేటప్పుడు ఫోన్‌ను ఎదురుగా కాకుండా పక్కన, నడుము ఎత్తులో పెట్టండి. నడుము వంపు, గడ్డం ముందుకు పొడుచుకు రావడం, మోకాలు వేళ్లను దాటడం, ఈ మూడు తప్పులూ ఎదురుగా నిలబడ్డ మనిషిలో కనిపించవు.